రక్త పరీక్షతో మానసిక జబ్బు తెలుస్తుందా?

తెలియదు, డిప్రెషన్, స్కిజోఫ్రెనియా వంటివాటిని రక్తంలోని జన్యు గుర్తులతో నిర్ధారించలేం, ప్రస్తుతానికి అవి పరిశోధనకే. బతికున్న మనిషి మెదడు ముక్క తీయలేం కాబట్టి రక్తం తీస్తారు. డీఎన్ఏ రెండుచోట్లా ఒకటే, కానీ దానిమీది మిథైల్ గుర్తులు (జన్యువు పనిని మార్చగల చిన్న రసాయన ముద్రలు), జన్యువుల పనితీరు కణాన్ని బట్టి మారతాయి, అందుకే రక్తంలో కనిపించేదే మెదడులోనూ ఉందనుకోలేం.

నల్లగొండలో బీడీ తాగే రోగినే తీసుకోండి. పొగవల్ల ఏహెచ్ఆర్ఆర్ జన్యువు మీద మిథైల్ తగ్గుతుంది. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లలో పొగతాగేవాళ్లెక్కువ. ఆ తేడా లెక్కలో సరిచేయకుంటే బీడీ ఆనవాలే జబ్బు ఆనవాలైపోతుంది. జ్వరంతో తెల్లకణాల పాళ్లు మారినా ఇదే తంటా. జన్యువు పనిచేసేటప్పుడు తయారయ్యే దాని నకలు, ఆర్ఎన్ఏ, మరీ సున్నితం: మామూలు ఊదారంగు మూత ట్యూబులో మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు పంపితే దారిలోనే మారిపోవచ్చు, దాన్ని నిలిపి ఉంచే ద్రవమున్న ట్యూబు కావాలి.

ఈ మిథైల్ గుర్తులు పుట్టుకతో వచ్చిన రాత అనుకుంటారు చాలామంది. కాదు, పొగ మానేస్తే ఏహెచ్ఆర్ఆర్ మీద మిథైల్ ఏళ్లమీద మెల్లగా పెరుగుతుంది.