బుజ్జికి, కార్డు రీసెట్ గురించి

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్‌లో నీ టెన్షన్ గొంతులోనే తెలిసిపోయింది. వీఎం (సర్వర్ లోపల నడిచే వర్చువల్ కంప్యూటర్) మొదటిసారి బాగానే లేస్తోంది, ఆపి మళ్లీ లేపితే గ్రాఫిక్స్ కార్డు పలకడం లేదు, సర్వర్ మొత్తం రీబూట్ చేస్తే తప్ప దారి లేదన్నావు. అదే సర్వర్ మీద ఇంకో నలుగురి వీఎంలు నడుస్తున్నాయి కాబట్టి ప్రతిసారీ వాళ్లను బతిమాలుకోవాల్సి వస్తోందట. ఫోన్‌లో చెప్పింది పొద్దున్నకు గుర్తుండదు, అందుకే రాస్తున్నాను.

వీఎం ఆగిపోయిందని కార్డుకు తెలియదమ్మా. మామూలు కంప్యూటర్ ఆపితే కరెంటు పోతుంది, కార్డు తనలో ఉన్నదంతా మరిచిపోతుంది. కార్డును నేరుగా వీఎంకే అప్పగించే పాస్‌త్రూలో వీఎం పోయినా స్లాట్‌లో కరెంటు అలాగే ఉంటుంది. పాత డ్రైవర్ ఏ స్థితిలో వదిలి వెళ్లిందో కార్డు అక్కడే ఉండిపోతుంది. కొత్త డ్రైవరేమో అది ఇప్పుడే లేచిందనుకుని మాట్లాడుతుంది. మధ్యలో దాన్ని శుభ్రం చేసి అప్పగించే పని హోస్ట్‌లోని, అంటే అసలు సర్వర్‌లోని, వీఎఫ్‌ఐఓ అనే లైనక్స్ భాగానిది. కార్డులో రీసెట్‌కు ఏ దారి ఉంటే ఆ దారినే అది వెళ్లగలదు.

ఆ దారి ఏమిటో నువ్వు ముందు కనుక్కో. రూట్‌గా (అన్ని అనుమతులున్న యూజర్‌గా) కార్డుల వివరాలు చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కు రెండు 'వీ'లు ఇచ్చి చూస్తే డెవ్‌క్యాప్ అనే వరస దగ్గర ఎఫ్‌ఎల్‌రీసెట్ అని ఉంటుంది. పక్కన ప్లస్ ఉంటే ఫంక్షన్ లెవెల్ రీసెట్ (ఎఫ్‌ఎల్‌ఆర్) ఉన్నట్టే. కార్డులోని గ్రాఫిక్స్, ఆడియో లాంటి ఒక్కో భాగాన్ని ఫంక్షన్ అంటారు. ఈ రీసెట్ ఆ ఒక్క ఫంక్షన్‌నే తుడుస్తుంది, పక్కవాటి జోలికి పోదు, రూలు ప్రకారం 100 మిల్లీసెకన్లలో ముగించాలి. మైనస్ ఉంటే పవర్ మేనేజ్‌మెంట్ దగ్గర నో సాఫ్ట్ రీసెట్ చూడు. అక్కడ మాత్రం మైనస్సే మనకు కావాల్సింది: కార్డును డీ3 నిద్రలోకి పంపి లేపితే రీసెట్ అవుతుందని అర్థం. లైనక్స్ 5.15 నుంచి సిస్‌ఎఫ్‌ఎస్‌లో (డివైస్‌ల వివరాలు ఫైళ్లుగా కనిపించే చోటు) ఆ డివైస్ ఫోల్డర్‌లోనే రీసెట్_మెథడ్ అనే ఫైల్ ఉంటుంది. లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్ ఏ పద్ధతిని ముందు వాడుతుందో వరసగా చెబుతుంది, ఆ వరస నువ్వు మార్చుకోవచ్చు కూడా.

ప్లస్ కనబడిందని నమ్మేయకు. ఎఫ్‌ఎల్‌ఆర్ ఉందని చెప్పుకుని, చేస్తే కొయ్యబారిపోయే డివైస్‌లు ఉన్నాయి. ఏఎమ్‌డీ మాటిస్ తరం యూఎస్‌బీ, ఆడియో కంట్రోలర్ల మీద దాన్ని వాడకుండా కెర్నల్‌లోనే అడ్డుకట్ట వేశారు.

ఇక బస్ రీసెట్. బ్రిడ్జి అంటే స్లాట్లను ప్రాసెసర్‌తో కలిపే భాగం. దాని కింద ఉన్నవన్నీ ఒక్కసారిగా రీసెట్ అవుతాయి. అందుకే గ్రాఫిక్స్ కార్డునూ, దానిలోని ఆడియో ఫంక్షన్‌నూ ఒకే వీఎంకు ఇవ్వాలి. ఒకటి ఇచ్చి రెండోది హోస్ట్ దగ్గర ఉంచుకుంటే వీఎఫ్‌ఐఓ బస్ రీసెట్ చేయదు, చేయకూడదు కూడా. ఆ జాగ్రత్తను దాటి నేనొకసారి బ్రిడ్జి రిజిస్టర్‌లో రీసెట్ బిట్‌ను చేత్తో మార్చాను. రెండు పోర్టుల నెట్‌వర్క్ కార్డు అది, రెండో పోర్టు మీదే నా ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లో పనిచేసే కనెక్షన్) నడుస్తోంది. స్క్రీన్ అక్కడికక్కడే ఆగిపోయింది. అర్ధరాత్రి ఒంటిగంటకు బెంగళూరులో బీటీఎం నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా బండి మీద వెళ్లి, చేత్తో పవర్ బటన్ నొక్కి వచ్చాను. ఆ రాత్రి పోయిన డేటా నాది కాదు, పక్క టీమ్‌ది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఆ బిట్ జోలికి నువ్వు పోవద్దు.

ఈసారి కార్డు పలకనప్పుడు హడావుడిగా రీబూట్ కొట్టకు. కెర్నల్ లాగ్ తెరిచి కూర్చో. 'నాట్ రెడీ 1023 ఎంఎస్ ఆఫ్టర్ ఎఫ్‌ఎల్‌ఆర్, వెయిటింగ్' అని వస్తుంది. తర్వాత 2047, 4095, ఇలా రెట్టింపవుతూ 65535 దగ్గర 'గివింగ్ అప్' అంటుంది. అంటే నిమిషానికి పైగా ఎదురు చూసింది. ఆ తర్వాత ఎల్‌ఎస్‌పీసీఐలో రివిజన్ ఎఫ్‌ఎఫ్ అని చూపిస్తే కార్డు బస్‌కు జవాబివ్వడం మానేసినట్టు.

అప్పుడు చాలామంది కార్డును లైనక్స్ జాబితా నుంచి రిమూవ్ చేసి, మళ్లీ వెతకమని రీస్కాన్ చేస్తారు. దానివల్ల కరెంటు పోదు, కాబట్టి చాలాసార్లు లాభం ఉండదు. హోస్ట్‌ను కొన్ని సెకన్లు సస్పెండ్ చేసి లేపితే స్లాట్‌కు కరెంటు ఆగి కార్డు తిరిగి రావచ్చు. చెప్పిన సమయానికి లేపే ఆర్‌టీసీవేక్ కమాండ్‌తో చేయవచ్చు, కానీ మిగతా నలుగురికీ చెప్పి చెయ్యి. పోలారిస్, వేగా, తొలి నావి తరాల ఏఎమ్‌డీ కార్డులకైతే వెండర్-రీసెట్ అనే కెర్నల్ మాడ్యూల్ ఉంది. 5.15, ఆ పై కెర్నల్‌లో దాన్ని లోడ్ చేశాక రీసెట్_మెథడ్‌లో డివైస్_స్పెసిఫిక్ అని కూడా రాయాలి. ఇది మరిచిపోయి మాడ్యూల్ పనిచేయడం లేదనుకుంటారు.

వీఎంను ఫోర్స్ ఆఫ్ చేసే అలవాటు మానుకో. లోపలి నుంచి షట్‌డౌన్ చేస్తే డ్రైవర్ కార్డును సర్ది వెళుతుంది, సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

ఎస్‌పీ రోడ్డులో ఇంకో కార్డు కొందామనుకుంటున్నానన్నావు కదా. ఆదివారం దాకా ఆగు. లాగ్ కాపీ తీసుకుని ఇంటికి రా, అత్తయ్య గోంగూర పచ్చడి కూడా సిద్ధంగా ఉంచింది. ముందు ఆ లాగ్ చూసి, తర్వాత బజారుకు వెళదాం.

నీ మామయ్య