అమెరికా హైస్కూల్లో ఒక ఏడాది గ్రేడ్లు దెబ్బతింటే మంచి కాలేజీలో సీటు రాదా?

వస్తుంది. అయితే పడిపోయింది ఏ తరగతిలో, ఆ తర్వాత ఏం జరిగింది అన్నదే అసలు సంగతి. తొమ్మిదిలో తగ్గి పది, పదకొండు తరగతుల్లో పుంజుకున్న విద్యార్థిని చాలా కాలేజీలు సానుభూతితోనే చూస్తాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియానే తీసుకోండి. తొమ్మిదో తరగతి పూర్తయిన వేసవి నుంచి పదకొండో తరగతి తర్వాతి వేసవి వరకు చదివిన కోర్సులతోనే అది జీపీఏ (గ్రేడ్ల సగటు) లెక్కిస్తుంది. తొమ్మిదో తరగతి గ్రేడ్లు ఆ లెక్కలోకి రావు, కానీ ఆ కోర్సుల్లో కనీసం సి గ్రేడు వచ్చి ఉండాలి. అంతకంటే తక్కువగా డి, ఎఫ్ వచ్చిన సబ్జెక్టును మళ్లీ చదివి సి లేదా అంతకంటే మెరుగైన గ్రేడు తెచ్చుకుంటే సరిదిద్దుకున్నట్టే.

దెబ్బతిన్నది పదకొండో తరగతి అయితే కష్టమే. దరఖాస్తుకు ముందు వచ్చే చివరి పూర్తి ఏడాది అది. అప్పుడు పన్నెండులో తేలిక కోర్సులు ఎంచుకోవద్దు. ఆ ఏడాది మొదటి సెమిస్టర్ గ్రేడ్లను చాలా కాలేజీలు అడిగి మరీ చూస్తాయి.

అనారోగ్యమో, ఇంట్లో కష్టమో కారణమైతే దయచేసి దాచకండి. చాలా కాలేజీలకు ఒకే చోట దరఖాస్తు చేసుకునే కామన్ యాప్‌లో అదనపు సమాచారానికి చోటుంది. ‘ఫలానా నెలలో అమ్మకు శస్త్రచికిత్స జరిగింది, తమ్ముణ్ణి నేనే చూసుకున్నాను’ అన్నంత సూటిగా నాలుగు వాక్యాలు చాలు. స్కూలు కౌన్సెలర్ కూడా అదే విషయం రాస్తే బలం పెరుగుతుంది.

అప్పటికీ కుదరకపోతే కమ్యూనిటీ కాలేజీలో (స్థానికంగా ఉండే రెండేళ్ల కాలేజీ) బాగా చదివి నాలుగేళ్ల విశ్వవిద్యాలయానికి బదిలీ కావచ్చు. దాన్ని చిన్నచూపు చూడకండి. చివరికి చేతికొచ్చేది ఆ విశ్వవిద్యాలయం డిగ్రీయే.