సీపీగెట్ సీటు వచ్చేదాకా ఓయూ హాస్టల్‌లో సీనియర్ రూంలో ఉండొచ్చా?

తమ్ముడు అడిగింది ఇది: సీపీగెట్, అంటే తెలంగాణ యూనివర్సిటీల్లో పీజీ సీట్లకు పెట్టే ఉమ్మడి ఎంట్రన్స్, దాంట్లో ర్యాంకు వచ్చింది. ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టుకునే వెబ్ ఆప్షన్లు ఇంకా మొదలవలేదు. రోజుకు ఇరవైసార్లు సైట్ తెరిచి చూస్తున్నాడు. ఉస్మానియా క్యాంపస్‌లో సీటు వస్తుందో రాదో అని టెన్షన్. ఊళ్లో అందరూ అడుగుతుంటే తల కొట్టేసినట్టుగా ఉందట. అందుకని ముందే హైదరాబాద్ వచ్చి, తెలిసిన సీనియర్ హాస్టల్ రూంలో ఉండి ఎదురుచూద్దామనుకుంటున్నాడు.

నేను సరిగ్గా అదే చేశాను తమ్ముడూ, 2021లో. కరోనా వల్ల అన్నీ వెనక్కి జరిగిన ఏడాది అది. పరీక్ష సెప్టెంబర్‌లో రాశాం. వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు. పరీక్ష గంటన్నరలో అయిపోయింది కానీ దాని తోక చలికాలం దాకా సాగింది. ఎకనామిక్స్‌లో నాకు మూడు వందల చిల్లర ర్యాంకు. మాది దేవరకొండ వైపు ఒక పల్లె. పీజీ ఎంట్రన్స్ అంటే మా ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదు, ఉస్మానియా అంటే మాత్రం తెలియనివాళ్లు లేరు. తాతకు ఆ పేరు వింటే 1969 ఉద్యమం గుర్తొస్తుంది, నాన్నకు 2009. "సీటొచ్చిందా?" అన్న ప్రతివాడికీ "ఇంకా రాలే" అని చెప్పి చెప్పి, చివరికి కిరాణా కొట్టుకు వెళ్లడమే మానేశాను. మా మండలం అన్న ఒకాయన క్యాంపస్ హాస్టల్‌లో ఉంటే, బ్యాగు సర్దుకుని ఆయన దగ్గరికి వెళ్లిపోయాను. వారం అనుకున్నది పంతొమ్మిది రోజులైంది.

హాస్టల్ లెక్కలో పేరు లేకుండా రూంలో ఉండేవాళ్లను నాన్ బోర్డర్ అంటారు. ఓయూలో ఈ మాట పాతదే. చదువు అయిపోయినా గ్రూప్స్‌కో, ఎస్సై ఉద్యోగానికో ప్రిపేరవుతూ ఉండిపోయినవాళ్లు, ఉత్త చేతులతో ఊరికి పోవడానికి మొహం చెల్లనివాళ్లు, నాలాగా సీటు రాకముందే దిగినవాళ్లు, అందరం ఆ ఒక్క పేరు కిందికే వస్తాం. మా రూంలో అసలు బోర్డర్లు ఇద్దరు, పడుకునేది ఐదుగురం. రెండు మంచాలు దగ్గరికి జరిపితే ముగ్గురు సరిపోతారు. నేనూ, ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఇంకొకడూ కింద చాప మీద. వాడూ సీటు కోసమే వచ్చాడు, సబ్జెక్టు వేరు. వాడి సంగతి తర్వాత చెప్తాను.

పడకకు నాకేం ఇబ్బంది లేదు. ఇబ్బందంతా తిండి దగ్గరే. మా మెస్‌లో నెల ఖర్చును తిన్న పూటల లెక్కన పంచేవాళ్లు. అన్నకు వచ్చే ఎంటీఎఫ్, అంటే స్కాలర్‌షిప్‌లో మెస్ ఖర్చుకని ఇచ్చే డబ్బు, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, వచ్చినా బిల్లుకు చాలదు. దాని మీద నా ప్లేటొకటి. ఆయన ఒక్క మాట అనలేదు. రెండు మాటలు అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. మూడో రోజు నుంచి పొద్దున టిఫిన్ మానేసి, ఆకలి లేదని అబద్ధం చెప్పి, మధ్యాహ్నం మెస్ తెరవగానే వెళ్లేవాణ్ని. నెలాఖరున నోటీసు బోర్డు మీద బిల్లు పెట్టారు. అన్న పేరుకు ఎదురుగా గెస్టులు 31 అని ఉంది. ఆ ముప్పై ఒక్క పూటలూ నేనే. జేబులో ఉన్న ఎనిమిది వందలు ఇవ్వబోతే, "సీటొచ్చినంక బిర్యానీ పెట్టు" అన్నాడు. పెట్టాను. దాంతో లెక్క సరిపోయిందని మాత్రం నేను అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను.

అందుకని నీ ప్రశ్నకు నా జవాబు: రా, కానీ రెండు రోజులకు రా. అలాట్‌మెంట్ వచ్చేదాకా అని మాత్రం రావద్దు. దాని తేదీ వాళ్లకే తెలియదు. ఈ వారం అంటారు, వచ్చే వారానికి పోతుంది.

ఆ రెండు రోజుల్లో చూడాల్సింది చాలా ఉంది. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చో. 1939లో ప్రారంభమైన భవనం అది. ఫోటోలో చూసినప్పుడు గొప్పగా అనిపిస్తుంది. మెట్ల మీద కూర్చుంటే, నీ పక్కనే ఒకడు అప్పు గురించి ఫోన్‌లో ఇంట్లో వాళ్లతో గొడవపడుతుంటాడు, ఇంకొకడు కరెంట్ అఫైర్స్ బట్టీ పడుతుంటాడు. అప్పుడు మనవాళ్ల చోటే అనిపిస్తుంది. పొద్దున ఆరింటికి లేస్తే వాకింగ్‌కు వచ్చే తార్నాక పెద్దమనుషులు, నెమళ్ల అరుపులు. తొమ్మిదింటికల్లా చెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలు పడతాయి. కుర్చీ చేతుల మీద అడ్డంగా ఒక చెక్క పెట్టుకుంటే అదే టేబుల్. లైబ్రరీలో చోటు దొరకనివాళ్లు అక్కడే సాయంత్రం దాకా చదువుతారు. వాళ్లను చూస్తే నాకు భయం వేసింది. వీళ్లలో ఎంతమంది పీజీ ఎప్పుడో అయిపోయినవాళ్లో! పీజీ సీటు వస్తే జీవితం గట్టెక్కినట్టే అని ఊళ్లో అనుకునేవాణ్ని. ఆ భ్రమ చెట్ల కిందే పోయింది. పోయాక అలాట్‌మెంట్ టెన్షన్ సగం తగ్గింది, నిజం చెప్తున్నా. మిగతా సగం తగ్గలేదు, అది వేరే విషయం.

ఇక సీటు వస్తుందా అంటావా? ఒక్క ర్యాంకు చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. నీ సబ్జెక్టు, కేటగిరీ, లోకల్ అవునా కాదా, అన్నీ కలిసి తేలుస్తాయి. నీ సబ్జెక్టులోనే, నీ కేటగిరీలోనే నిరుడు చేరినవాణ్ని వెతికి అడుగు. వేరే సబ్జెక్టు వాడి ర్యాంకుతో పోల్చుకుని ఏడవద్దు. నీ చేతిలో ఉన్నవి నిజంగా రెండే: ఆప్షన్ల వరుస, టీసీ. నేను రెండింట్లోనూ దెబ్బతిన్నాను.

మొదట ఆప్షన్లు. మొదటి విడతలో నేను మూడే పెట్టాను. ఉస్మానియా అయితేనే చదువుతా అన్న పొగరు. సీపీగెట్ ఉస్మానియా ఒక్కదానికే కాదు కదా, కాకతీయ, పాలమూరు, మహాత్మా గాంధీ, శాతవాహన, తెలంగాణ యూనివర్సిటీలకు కూడా ఇదే పరీక్ష. ఆ కాలేజీలన్నీ జాబితాలో కనిపిస్తున్నా నేను ముట్టుకోలేదు. లిస్టు వచ్చిన రాత్రి లాగిన్ అయితే సీటు కేటాయించలేదని వచ్చింది. అన్న తిట్టాడు. ఎందుకు తిట్టాడో తర్వాత అర్థమైంది. కంప్యూటర్ ర్యాంకు వరుసలో ఒక్కొక్కరినీ తీసుకుంటుంది. నీ వంతు వచ్చినప్పుడు నీ జాబితాను పైనుంచి కిందికి చదువుతూ, నీ కేటగిరీలో ఖాళీ ఉన్న మొదటి చోట నిన్ను కూర్చోబెడుతుంది. అంటే రాదనుకున్న క్యాంపస్‌ను మొదట పెట్టినందువల్ల కింద పెట్టిన కాలేజీ నీకు దూరం కాదు. అలాగే, "ఇది గ్యారంటీగా వస్తుంది" అని మామూలు కాలేజీని పైన పెడితే కంప్యూటర్ అక్కడే ఆగిపోతుంది, కిందున్న క్యాంపస్ దాకా పోదు. కాబట్టి నీకు ఎక్కడ చదవాలని ఉందో ఆ వరుసలో పెట్టు, వస్తుందా రాదా అన్న లెక్కలో పెట్టొద్దు. చివర నాలుగైదు కాలేజీలు ఎక్కువే పెట్టు.

ఫీజు ఎక్కువుండే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు కూడా అదే జాబితాలో, దాదాపు అదే పేరుతో ఉంటాయి. ఫీజు చూడకుండా టిక్ పెట్టొద్దు. ఆ సీటుకు హాస్టల్ ఇస్తారో లేదో కూడా ముందే అడుగు.

మొదటి విడతలో రాలేదని అక్కడితో కథ అయిపోదు. మనకు పైన ర్యాంకులు వచ్చినవాళ్లలో చాలామంది రెండు మూడు పడవల్లో కాళ్లు పెట్టి ఉంటారు. ఎడ్‌సెట్, లాసెట్, ఐసెట్ రాసి ఉంటారు, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీకి అప్లై చేసి ఉంటారు. వాళ్లు అటు వెళ్తే ఇటు సీట్లు ఖాళీ అవుతాయి. రెండో విడతలో నాకు క్యాంపస్ వచ్చింది అలాగే. ఎవరో బీఎడ్‌కు పోయిన పుణ్యాత్ముడి సీటేమో అది.

ఇప్పుడు ఖమ్మం వాడి సంగతి. వాడికి మొదటి విడతలోనే సిటీలో మంచి కాలేజీ వచ్చింది. క్యాంపస్ కావాలని రెండో విడతకు కూర్చున్నాడు. అంతవరకు తప్పు లేదు. కానీ పాత జాబితానే మళ్లీ మొత్తం పెట్టేశాడు, చేతిలో ఉన్న సీటుకన్నా దూరపు కాలేజీలతో సహా. క్యాంపస్ రాలేదు, ఆ దూరపు కాలేజీల్లో ఒకటి వచ్చింది. కొత్త సీటు రాగానే పాతది వేరేవాళ్లకు పోయింది. రాత్రంతా చాప మీద కూర్చునే ఉన్నాడు. ఏమని ఓదార్చాలో తెలియక నేను నిద్రపోయినట్టు పడుకున్నాను. రెండో విడతలో, ఉన్న సీటుకన్నా నీకు ఎక్కువ ఇష్టమైనవి మాత్రమే పెట్టాలి. ఇంకేదీ పెట్టకూడదు. ఏ ఏడాది నిబంధనలు ఆ ఏడాది ఒకసారి చదువుకో, ఫోన్‌లో కాదు, ప్రింటు తీసి.

ఇక టీసీ. రెండో విడతలో పేరు చూసుకుని ఎగిరి గంతేశాను. రిపోర్ట్ చేయడానికి నాలుగు రోజులే గడువు. డిగ్రీ చదివిన ప్రైవేటు కాలేజీకి టీసీ కోసం పరుగెత్తితే, "మీ ఆర్‌టీఎఫ్ ప్రభుత్వం నుంచి రాలేదు, పన్నెండు వేలు కట్టి తీసుకుపో" అన్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయికి నేనేం చేస్తాను? రెండు రోజులు తిప్పారు. మూడో రోజు నాన్న చిట్టీ ఎత్తి డబ్బు తెచ్చి కట్టారు. ప్రభుత్వం డబ్బు రాగానే తిరిగిస్తామన్నారు. ఇప్పటిదాకా పైసా ఇవ్వలేదు. నేను హైదరాబాద్‌లో అన్న అన్నం తింటూ, సైట్ చూస్తూ కూర్చున్న ఆ పంతొమ్మిది రోజులు ఆ కాలేజీ చుట్టూ తిరిగి ఉంటే, కనీసం బేరమాడే సమయమైనా దొరికేది. గడువు దగ్గరపడ్డాక మన మెడ వాళ్ల చేతిలో ఉంటుంది, ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

నువ్వు ఈ వారమే వెళ్లి అడుగు. "అలాట్‌మెంట్ ఆర్డర్ తెస్తేనే టీసీ" అంటారు. సరే, బాకీ ఎంతో, ఎవరి సంతకాలు కావాలో చెప్పమను, బాకీ లేదని చెప్పే నో డ్యూస్ సంతకాలు ముందే పెట్టించుకో. ఆరో సెమిస్టర్ మెమో, ప్రొవిజనల్, చదివిన స్కూళ్ల బోనఫైడ్‌లు ఒక కవర్లో పెట్టు. ఆదాయ ధ్రువపత్రం పాతదైతే మీసేవలో కొత్తది తీయించు. స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసేటప్పుడు మళ్లీ కావాలి. ఇవన్నీ తిరిగి వచ్చేసరికి సైట్ చూసే ఓపిక ఎలాగూ ఉండదు.

సీటు రాగానే హాస్టల్ వచ్చేస్తుందని కూడా అనుకోకు. అడ్మిషన్ వేరు, హాస్టల్ అలాట్‌మెంట్ వేరు. క్లాసులు మొదలయ్యాక నేను ఇంకో నెల నాన్ బోర్డర్‌గానే ఉన్నాను, ఈసారి నా భోజనం డబ్బు నేనే ఇచ్చుకుంటూ. నీ సీనియర్ మొహమాటానికి రమ్మంటాడు. రెండు రోజులకైనా సరే, పూటకింత అని ముందే చేతిలో పెట్టు, వద్దన్నా పెట్టు.

శనివారం దిగకు, ఆదివారం డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఎవరూ ఉండరు. సోమవారం పొద్దునకు చేరేలా బస్సెక్కు. దుప్పటి, చాప, చార్జర్ నీవే తెచ్చుకో. ఇంట్లో అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు ఉంటే ఒక డబ్బా తే, మెస్ పప్పులోకి ఆ రూం అంతటికీ అదే దిక్కు.