మైకు దగ్గర మాట: పదిహేను వేలలో లూపింగ్ సెటప్ అవుతుందా?

పెళ్ళిళ్ళకీ, భజనలకీ, పార్టీ మీటింగులకీ మైక్ సెట్ కట్టి బతికినవాణ్ణి. ఈ నెల ఉత్తరాలు చూస్తే దాదాపు అన్నీ నోటితో డ్రమ్స్ కొట్టే పిల్లలవే. మా మేనమామ ఉండి ఉంటే "నోరు ఊరికే ఉంచుకోలేరా?" అనేవాడు. నాకు మాత్రం సరదాగానే ఉంది.

ప్రశ్న: అన్నా, హనుమకొండలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్ళుగా బీట్‌బాక్సింగ్ చేస్తున్నాను. నా గొంతు మీద నా గొంతునే పొరలుగా వేసుకుంటూ స్టేజి మీద లూపింగ్ చేయాలని ఉంది. బాస్ కంపెనీ లూపింగ్ యంత్రం ఆర్‌సీ-505 మార్క్ 2 అడిగితే యాభై వేలు దాటింది. నా దగ్గరున్నవి పదిహేను వేలు. గిటార్ మానేసిన ఫ్రెండ్ ఒకడు అదే కంపెనీ ఆర్‌సీ-1 పెడల్ (కాలితో నొక్కే చిన్న లూపర్) ఆరు వేలకు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకో తమ్ముడూ. అయితే ఇంటికి తెచ్చి అందులో మైకు గుచ్చి, శబ్దం రావట్లేదని ఫ్రెండ్‌తో గొడవ పడకు. అది గిటార్ కోసం చేసిన పెడల్. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టుల సిగ్నల్, గిటార్ నుంచి వచ్చేది దానికి ఎన్నో రెట్లు. 505లో మైకు పిన్ను నేరుగా పట్టే సాకెట్టూ, సిగ్నల్‌ని పెంచే ప్రీ-ఆంప్ కూడా లోపలే ఉంటాయి. ఆర్‌సీ-1లో ఆ రెండూ లేవు.

నాలుగేళ్ళ కిందట ఓ కాలేజీ ఫంక్షన్లో ఒక కుర్రాడు ఇలాగే కన్వర్టర్ పిన్ను పెట్టి మైకును పెడల్‌లో గుచ్చాడు. బావిలోంచి మాట్లాడినట్టు వినిపించింది. నేను ఇవతల గెయిన్, అంటే లోపలికొచ్చే సిగ్నల్ బలం, పెంచాను. వాడి గొంతు కంటే ముందు 'స్...' అనే హిస్ పెరిగింది. చివరికి నా పెట్టెలో ఉన్న చిన్న మిక్సర్ తీసి మైకుకీ పెడల్‌కీ మధ్యలో పెట్టాను. అంతే, కిక్ (పెద్ద డ్రమ్ 'ధుం' శబ్దం) కిక్కులా మోగింది. నువ్వూ అదే చెయ్యి: మైకు మిక్సర్‌లోకి, మిక్సర్ మెయిన్ అవుట్ పెడల్‌లోకి, పెడల్ నుంచి స్పీకర్‌కి. మిక్సర్ అవుట్ మాత్రం బాగా తగ్గించి మొదలుపెట్టు. గిటార్‌కి అలవాటు పడ్డ పెడల్‌కి అంత గట్టి సిగ్నల్ ఇస్తే పగిలిపోయినట్టు వినిపిస్తుంది.

లెక్క ఇలా వేసుకో. పెడల్ ఆరు వేలు. ఒక్క మైక్ ఇన్‌పుట్ ఉన్న చిన్న మిక్సర్ నాలుగైదు వేలు. డైనమిక్ మైకు, అంటే మామూలు స్టేజి మైకు, రెండు మూడు వేలు. అహూజాలో దొరుకుతుంది, బెరింగర్ ఎక్స్‌ఎమ్ 8500 కూడా చూడు. మిగిలింది కేబుళ్ళకి. కేబుల్ దగ్గర పిసినారితనం వద్దు, స్టేజి మీద ముందు చచ్చేది అదే. స్పీకర్ ఎలాగూ కాలేజీ వాళ్ళు పెడతారు.

మైకు విషయంలో ఒక మాట. అందరూ షూర్ ఎస్‌ఎమ్ 58 అంటారు. 1966 నుంచి ఉన్న మోడల్ అది, ఆ పేరు ఊరికే రాలేదు. కానీ దానికి నకిలీలు కూడా అంతే ఉన్నాయి. సగం ధర కంటే తక్కువకి కొత్తది ఇస్తామంటే నమ్మకు. నేను నమ్మి మోసపోయాను. అసలుది దాదాపు 300 గ్రాములు తూగుతుంది. నాకు అంటగట్టినదాన్ని ఇంటి పక్క కిరాణా కొట్టు తూకంలో పెడితే 230 చూపించింది. ఇంకోటి: స్విచ్ లేని మైకే తీసుకో. గుప్పిట బిగించి పట్టుకునేటప్పుడు బొటనవేలు తగిలి స్విచ్ ఆఫ్ అయిపోతే, జనం నువ్వు లిరిక్ మర్చిపోయావనుకుంటారు. బీట్‌బాక్స్‌కి లిరిక్ ఉండదని వాళ్ళకేం తెలుసు!

పెడల్‌కి అడాప్టర్ ఫ్రెండ్ దగ్గర ఉంటే అదే తీసుకో. అది 9 వోల్టులది, మధ్య పిన్ను నెగెటివ్. ఇంట్లో పడి ఉన్న రౌటర్ అడాప్టర్ గుచ్చావంటే ఆరు వేలూ పొగ.

505కీ దీనికీ ఉన్న అసలు తేడా కూడా తెలుసుకుని దిగు. అందులో ఐదు ట్రాకులు, ఒక్కోదానికి విడిగా ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీట). కిక్ ఆపి బేస్ మాత్రం ఉంచొచ్చు, మళ్ళీ కిక్ వదలొచ్చు. ఆర్‌సీ-1లో ఒకటే లూపు. ఎన్ని పొరలు వేసినా అన్నీ కలిసి ఒకే ముద్ద, వెనక్కి తీయగలిగేది చివరి పొర ఒక్కటే. కాబట్టి మొదటి పొరలోనే అంతా కుక్కేయకు. కిక్, స్నేర్ (చిన్న డ్రమ్ 'టప్' శబ్దం) వేసి ఖాళీ వదులు.

ప్రశ్న: సార్, మాది కాకినాడ. మైకును రెండు చేతుల్తో మూసి పట్టుకుంటే నా బేస్ అదిరిపోతోంది. కానీ ప్రతి షోలోనూ స్పీకర్ కుయ్యిమని అరుస్తోంది. మైకు మార్చాలా?

జవాబు: మైకు మార్చక్కర్లేదు బాబూ, స్పీకర్ని జరపాలి. నువ్వు వాడేలాంటి మైకు ముందు నుంచి వచ్చే శబ్దాన్ని ఎక్కువగా, వెనక నుంచి వచ్చేదాన్ని తక్కువగా పట్టుకుంటుంది. ఆ పని చేసేవి జాలీ కింద ఉన్న సన్నటి సందులు. నువ్వు గుప్పిట్లో మూసేది సరిగ్గా వాటినే. మూయగానే మైకు అన్ని వైపుల నుంచీ వినడం మొదలుపెడుతుంది, స్పీకర్ శబ్దం కూడా లోపలికి దూరి గుండ్రంగా తిరుగుతుంది. అదే ఆ కుయ్యి.

మూయకుండానే చాలా బేస్ వస్తుంది. పెదవులు జాలీకి ఆనించి చెయ్యి, దగ్గరయ్యే కొద్దీ కింది స్వరాలు బరువెక్కుతాయి. మూయడం అనేది ఆ ఒక్క డ్రాప్ (బేస్ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) కోసం దాచుకో. మానిటర్ స్పీకర్ (నీ శబ్దం నీకు వినిపించేది) నీ ముందు నేల మీద, నీ ముఖం వైపు చూస్తూ ఉండాలి, అంటే మైకు తోక అటు వైపు ఉండాలి. పెద్ద స్పీకర్లు నీకంటే ముందు, జనం వైపు. వెనక పెట్టే సౌండ్ వాడు కనిపిస్తే బతిమాలైనా జరిపించు.

లూపింగ్‌లో ఇంకో బాధ ఉంది. రెండో పొర వేస్తున్నప్పుడు స్పీకర్లో మోగుతున్న మొదటి పొర కూడా మైకులోకి వచ్చి మళ్ళీ రికార్డవుతుంది. నాలుగో పొర వచ్చేసరికి అంతా బురద. కుయ్యిమనకపోయినా ఇది జరుగుతూనే ఉంటుంది, అందుకే చాలామందికి కారణం అంతుపట్టదు. మానిటర్ తగ్గించి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకో, వైరువి.

ప్రశ్న: ప్రాక్టీసుకి బ్లూటూత్ స్పీకర్ సరిపోతుందా? (ఇంటర్ విద్యార్థిని, నంద్యాల)

జవాబు: చాలదమ్మా. మామూలు బ్లూటూత్‌లో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. నిమిషానికి 100 బీట్ల వేగంలో బీట్‌లో పావు వంతు అంటే 150 మిల్లీసెకన్లు. నువ్వు హై-హ్యాట్ (నోటితో చేసే 'త్స్' శబ్దం) కొట్టాక పూర్తిగా ఇంకో హై-హ్యాట్ అంత లేటు. అదే స్పీకర్‌కి వైరు గుచ్చే ఆక్స్ రంధ్రం ఉంటే దాంతో వాడుకో, చాలావరకు తీరుతుంది.

ప్రశ్న: పెడల్ కొనకుండా నా పాత ల్యాప్‌టాప్‌తో లూపింగ్ చేయొచ్చా అన్నా? (ప్రైవేటు ఉద్యోగి, విజయవాడ)

జవాబు: చేయొచ్చు. రీపర్ అనే సాఫ్ట్‌వేర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, అందులో సూపర్ 8 అనే లూపర్ దాంతోపాటే వస్తుంది. కానీ ల్యాప్‌టాప్ మైకు రంధ్రం వద్దు. ఒక మైకు పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) కొను. సెట్టింగ్స్‌లో బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకి పోగేసే శబ్దపు ముక్కల (శాంపిల్స్) సంఖ్య, 128కి దించు. 48,000 శాంపిల్ రేటు (సెకనుకి అన్ని ముక్కలు) దగ్గర అది మూడు మిల్లీసెకన్ల లోపే, వెళ్ళడానికీ రావడానికీ కలిపి ఇంకాస్త పడుతుంది. పాత మెషీన్ టకటకమంటే 256కి పెంచు. ఇంట్లో నేర్చుకోవడానికి ఇదే చవక. స్టేజి మీద మాత్రం కాలితో నొక్కేది ఏదో ఒకటి కావాలి, మౌస్ కోసం వంగితే జనానికి నీ నడినెత్తే కనిపిస్తుంది.

ప్రశ్న: నమస్కారమండీ. తిరుపతిలో పిల్లలకు మృదంగం నేర్పుతాను. నా శిష్యుడు కొన్నకోల్‌ని, అంటే నోటితో చెప్పే లయ అక్షరాల్ని, లూప్ చేస్తానంటున్నాడు. ఐదు లెక్కల తాళం ఖండచాపు ఆ యంత్రంలో కుదురుతుందా? నాలుగు లెక్కల్లోనే తిరుగుతుందని ఎవరో అన్నారట.

జవాబు: కుదురుతుందండీ. ఆర్‌సీ-1 లాంటి పెడల్‌కి తాళం తెలియదు. మొదటిసారి నొక్కినప్పటి నుంచి రెండోసారి నొక్కేదాకా ఎంత ఉంటే అంతే తిప్పుతుంది. లోపల రిథమ్ ఉన్న పెద్ద యంత్రాల్లో మాత్రం క్వాంటైజ్ (లూపు పొడవుని యంత్రమే సర్దే సెట్టింగ్) ఆపేయమనండి, లేకపోతే మీ ఐదుని అది తన లెక్కకి సాగదీస్తుంది.

అసలు కిటుకు రెండో నొక్కులో ఉంది. పిల్లలు "తక తకిట" చెప్పి, చివరి 'ట' మీద నొక్కేస్తారు. లూపు ఒక అక్షరం కురచైపోతుంది, ఐదు నాలుగవుతుంది. నొక్కాల్సింది తర్వాతి ఆవర్తనం మొదటి 'త' మీద. నొక్కాక నోరు ఆపకుండా ఇంకో ఆవర్తనం చెబుతూనే ఉండమనండి, తేడా ఉంటే అక్కడే తెలిసిపోతుంది. మా బీట్‌బాక్స్ కుర్రాళ్ళకి ఇది పట్టుబడటానికి వారాలు పడుతుంది. మీ శిష్యుడికి చేత్తో తాళం వేసే అలవాటు ఉంది కాబట్టి, అదే తాళం ముందు రెండు రోజులు పాదంతో వేయించి చూడండి. పెడల్ ఆ తర్వాత కొన్నా నష్టం లేదు.