సంతకం కత్తిరించిన బొమ్మ

ప్రశ్న: నేను డిజిటల్ బొమ్మలు వేస్తాను. నా అభిమాన కథానాయకుడి పుట్టినరోజుకు ట్యాబ్‌పై ఒక చిత్రం వేసి, కింద కుడి మూలన నా కలంపేరుతో సంతకం చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. ఒక అభిమానుల పేజీవారు ఆ మూలను కత్తిరించి, తమ పేజీ ముద్ర వేసుకొని, దానిని అందరూ పెట్టుకోవలసిన ‘కామన్ డీపీ’గా విడుదల చేశారు. మా ఊరి కూడలిలో కట్టిన ఫ్లెక్సీ మీదా అదే బొమ్మ కనిపించింది. అడిగితే, ‘హీరో మీ సొత్తు కాదు కదండీ’ అన్నారు. నాకు డబ్బు అక్కరలేదు, పేరు ఉంటే చాలు. నాకేమైనా హక్కు ఉందా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఉంది. పైగా మీరు అడుగుతున్న పేరును చట్టం డబ్బుతో ముడిపెట్టకుండా విడిగానే గుర్తించింది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సొంతంగా వేసిన బొమ్మపై హక్కు దానిని వేసినప్పుడే వేసినవారికి దక్కుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కలంపేరుతో ప్రచురించినా రక్షణ పోదు. అదే చట్టంలోని 57వ సెక్షన్ ఇంకొక అడుగు ముందుకు వేసి, కృతిపై హక్కులను పూర్తిగా అమ్మేసుకున్న తరువాత కూడా అది తనదని చెప్పుకొనే హక్కు, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా దానిని మార్చినా చెరిపినా అడ్డుకొనే హక్కు సృష్టించినవారికే ఉంటాయని చెబుతుంది. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ కోసం శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కుడ్యశిల్పాన్ని తొలగించి పాడుచేసిన వ్యవహారంలో, మిగిలిన భాగాలను ఆయనకు తిరిగి ఇవ్వాలనీ, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలనీ ఢిల్లీ హైకోర్టు 2005లో కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ప్రభుత్వం తానే చేయించుకున్న కృతి విషయంలోనే శిల్పి మాట నెగ్గినప్పుడు, అడగకుండా తీసుకున్న బొమ్మ విషయంలో పేజీ నిర్వాహకులు చెప్పుకోగలిగేది ఏమీ లేదు.

సంతకాన్ని కత్తిరించడం మరింత పెద్ద తప్పు. 2012 సవరణతో వచ్చిన 65బి సెక్షన్, కృతి ఎవరిదో తెలిపే సమాచారాన్ని తెలిసి తెలిసి తొలగించడాన్ని, అలా తొలగించారని తెలిసీ ఆ ప్రతులను అనుమతి లేకుండా పంచడాన్ని రెండేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధించదగిన నేరంగా పేర్కొంది. మీ సంతకం పోయిన చోట తమ ముద్ర వేసుకున్నారు కనుక, పొరపాటున తెగిపోయిందనే మాట వారికి అతకదు.

‘హీరో మీ సొత్తు కాదు’ అన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. మీరు సినిమా స్టిల్‌నో, ఒక ఫొటోగ్రాఫర్ తీసిన చిత్రాన్నో గీతకు గీత దించి ఉంటే, దాని యజమానులు మిమ్మల్నే ప్రశ్నించవచ్చు. అటువంటప్పుడు కోర్టుదాకా వెళ్లమని నేను చెప్పను. భంగిమ, వెలుగునీడలు, రంగులు, నేపథ్యం మీ సొంత ఊహ అయితే ఆ చిత్రణ మీదే. ఏ విధంగా చూసినా, హీరో మీ సొత్తు కానంత మాత్రాన మీ బొమ్మ వారి సొత్తు అయిపోదు.

ఇక చేయవలసిన పని. కోపంతో స్టోరీ పెట్టడానికి ముందే ఆధారాలు భద్రపరచండి: లేయర్లు విడివిడిగా ఉన్న అసలు ఫైలు, గీసేటప్పుడు యాప్ నమోదు చేసిన టైమ్‌ల్యాప్స్ వీడియో, మీ పోస్టు తేదీ, వారి పోస్టు లింకు, స్క్రీన్‌షాట్. గొడవ మొదలైతే ముందుగా మాయమయ్యేవి వారి పోస్టులే. ఆ తరువాత, సంతకంతో ఉన్న అసలు బొమ్మనే మళ్లీ పెట్టి, మీ పేజీని ట్యాగ్ చేయాలని గడువు చెప్పి మర్యాదగా రాయండి. ఫ్లెక్సీ వేయించినవారి కోసం వెతకనక్కరలేదు. దాని అడుగున వరుసగా ఉన్న ముఖాలు వారివే అయి ఉంటాయి. ప్రింటింగ్ దుకాణంవారితో తగవు పెట్టుకోకండి, వారికి ఆ ఫైలు వాట్సాప్‌లో అందే ఉంటుంది.

వారు స్పందించకపోతే ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఉన్న కాపీరైట్ ఫిర్యాదు ఫారం నింపండి. ఇక్కడ ఒక జాగ్రత్త, ముఖ్యంగా కలంపేరు చాటున బొమ్మలు వేసే అమ్మాయిలకు: ఆ ఫారంలో అసలు పేరు ఇవ్వాలి, మీ పేరు, ఈమెయిల్ అవతలివారికి చేరే అవకాశం ఉంది. అందుకే సొంత ఈమెయిల్ కాకుండా బొమ్మల పనికోసం వేరే ఈమెయిల్ తెరిచి అదే ఇవ్వండి. ఫారం తప్పనిసరిగా అడిగితే తప్ప ఇంటి చిరునామా గాని, అందరికీ తెలిసిన ఫోన్ నంబరు గాని అందులో రాయకండి. అంతకు మించి వెళ్లదలిస్తే, 62వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే ప్రాంతపు జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చు. పేజీ నడిపేవారు ఏ ఊరివారైనా అక్కడికి మీరు తిరగనక్కరలేదు.

ముందుముందు సంతకాన్ని మూలన కాకుండా చొక్కా కాలరు మడతలోనో, జుట్టు పాయల మధ్యనో కలిపేయండి. అక్కడ కత్తిరిస్తే బొమ్మే పాడవుతుంది. ఫైలులోపల దాచిన పేరు వివరాలను నమ్ముకోకండి, వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అవి నిలవవు.

ప్రశ్న: మేము అభిమానుల పేజీ నడుపుతున్నాము. బొమ్మ ఎవరిదో తెలియనప్పుడు ‘క్రెడిట్స్ టు ఓనర్’ అని రాస్తాము. సరిపోతుందా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సరిపోదు. ఆ మాటలో ఎవరి పేరూ లేదు. బొమ్మ మీది కాదని మాత్రం మీరే రాసిచ్చినట్లవుతుంది. గూగుల్ లెన్స్‌లో వెతికితే అసలు పోస్టు చాలాసార్లు దొరుకుతుంది. దొరికినా పేరు వేయడం ఒకటి, అనుమతి తీసుకోవడం మరొకటి. మీకు రెండూ కావాలి. చట్టం మినహాయించిన సొంత వాడకం కిందకు వేలమంది చూసే పేజీ రాదు, అందులోనూ డబ్బు తీసుకొని ప్రచార పోస్టులు వేసే పేజీ అసలే రాదు. వేసినవారు దొరకకపోతే ఆ బొమ్మను వదిలేసి, మీ సభ్యులలోనే గీయగలవారిని అడగండి.