పుట్టినరోజు విందుకు హోటల్ కాదు, టేబుల్ చూసుకో

చిరంజీవి కిరణ్‌కు, మావయ్య ఆశీస్సులు.

అల్లుడూ, అమ్మాయి పుట్టినరోజుకు మీరిద్దరూ వెళ్లడానికి హైదరాబాదులో మంచి హోటల్ చెప్పమన్నావు. పేర్లదేముంది, ఎన్నైనా చెప్తాను. కానీ ఆ రాత్రి గుర్తుండిపోవాలంటే హోటల్ కన్నా మీరు కూర్చునే టేబుల్ ముఖ్యం. ఒకే హాల్లో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటారు. వంటగది తలుపు దగ్గర కూర్చున్నవాళ్లు గంటలో తినేసి లేచిపోతారు.

ముందు తేదీ చూడు. క్యాలెండరే కాదు, పంచాంగం కూడా. కార్తీకమో శ్రావణమో అయితే అమ్మాయి నీచు ముట్టదేమో, ఆ వారం ఉపవాసం ఉంటుందేమో కనుక్కో. కబాబుల హోటల్‌కి తీసుకెళ్లి పనీర్ తినిపిస్తే పండగలా ఉండదు. శనివారం పడితే ఏడున్నరకల్లా కూర్చోండి. ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర మధ్య ఆర్డర్లన్నీ ఒక్కసారే వంటగదిలో పడతాయి. రోటీలు ఆలస్యమవుతాయి, కూర ముందొచ్చి చల్లారిపోతుంది. ముందే కూర్చుంటే ఆ రద్దీ మొదలయ్యేసరికి మీ ప్లేట్లు మీ ముందుంటాయి. అమ్మాయి ఒప్పుకుంటే మంగళవారమో బుధవారమో పెట్టుకో. అదే వంటవాడు ఆ రోజు ఇంకాస్త నెమ్మదిగా, శ్రద్ధగా వండుతాడు.

ఇక చోటు. డాబు బాగా ఉండాలంటే ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంది. 2010లో తాజ్ వాళ్లు హోటల్‌గా తెరిచారు. నూటొక్క మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉన్నది అక్కడే. హైదరాబాదీ వంటకు ‘అదా’, ఇటాలియన్‌కు ‘సెలెస్ట్’. ముందే బుక్ చేసుకోకపోతే గేటు దాటనివ్వరు. మాదాపూర్ నుంచి చార్మినార్ మీదుగా బయల్దేరావంటే పట్టుచీర కట్టుకున్న మనిషి కారులోనే నలిగిపోతుంది. పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్ వైపు నుంచి వెళ్లు. రంజాన్ నెలలో మాత్రం రద్దీ ఎక్కువ, ఆ పాతబస్తీ వైపు వద్దు. అంత దూరం వద్దనుకుంటే మాదాపూర్‌లోనే ఐటీసీ కోహెనూర్ ఉంది. దుర్గం చెరువు, తీగల వంతెన దీపాలు కనిపిస్తాయి. అయితే చెరువు వైపు టేబులే కావాలని అడగాలి, ఊరికే ‘ఇద్దరికి’ అంటే ఏది ఖాళీ ఉంటే అదిస్తారు.

అమ్మాయికి ఆర్భాటం ఇష్టం లేకపోతే స్టార్ హోటల్ జోలికే పోకు. తనకు బాగా నచ్చిన రాయలసీమ భోజనమో, చైనీసో దొరికే మామూలు చోట మంచి మూల టేబుల్ చాలు. పుట్టినరోజు తనది, నోరు తనది.

రెండు మూడు రోజుల ముందు, మీరు వెళ్లబోయే వేళకే ఒక్కడివీ వెళ్లి కాఫీ తాగి రా. మధ్యాహ్నం వెళ్తే హాలు ప్రశాంతంగానే కనిపిస్తుంది, రాత్రి సంగతి తెలియదు. కూర్చుని పైకి చూడు. ఏసీ గాలి నెత్తిన పడుతోందా, స్పీకర్ తల మీదే ఉందా? బిల్లు కౌంటర్, వాష్‌రూమ్ దారి, వంటగది తలుపు ఎటున్నాయి? పక్కన పది మంది పట్టే పొడుగు టేబుల్ ఉంటే అక్కడ ఆఫీసు పార్టీ కూర్చుంటుంది, మీ మాట మీకు వినపడదు. లోతుగా కుంగే సోఫాలు చీర కట్టుకున్నవాళ్లకు ఇబ్బంది, ఎత్తు స్టూళ్లు ఇంకా ఇబ్బంది. గోడకు ఆనుకున్న కుర్చీ అమ్మాయికి వదిలెయ్, హాలంతా తనకు కనపడాలి. నచ్చిన టేబుల్ నంబర్ అడిగి, మేనేజర్ చేత బుకింగ్‌లో రాయించు. డాబా మీదైతే జూన్ నుంచి అక్టోబరు దాకా వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. లోపల ఇంకో టేబుల్ పట్టి ఉంచుతారా అని అడుగు. లేదంటే ఆ చోటు మానుకో.

ఆ మేనేజర్‌తోనే మిగతా విషయాలు తేల్చుకో. బయటి కేకు రానిస్తారా, కోసినందుకు డబ్బులు తీసుకుంటారా? ఇద్దరికి అరకిలో ఎక్కువే. ఫ్రెష్ క్రీమ్ కేకైతే గంట ముందు ఇచ్చి ఫ్రిజ్‌లో పెట్టించు, బయట ఉంటే క్రీమ్ జారిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, సిబ్బంది వచ్చి చప్పట్లు కొట్టి పాడాలా వద్దా అన్నది నువ్వే తేల్చి చెప్పు. కొందరికి అది సరదా, కొందరు సిగ్గుతో ముడుచుకుపోతారు. చెప్పకపోతే వాళ్ల అలవాటు ప్రకారం పాడేస్తారు.

తిండి దగ్గర చాలామంది చేసే పొరపాటు స్టార్టర్లు మూడు నాలుగు చెప్పడం. బిర్యానీ వచ్చేసరికి ఆకలి చచ్చిపోయి ఉంటుంది. ఇద్దరికి ఒకటి, మహా అయితే రెండు చాలు. ఒక బిర్యానీ ఇద్దరూ పంచుకోండి. దమ్ బిర్యానీ విడతలుగా దించుతారు, కొత్త హండీ ఎప్పుడు తెరుస్తారో అడిగి ఆ వేళకు చెప్పు. అడుగున మిగిలినది పొడిగా, మసాలా ఘాటుగా ఉంటుంది. చివర్లో ఖుబానీ కా మీఠా (ఎండు ఆప్రికాట్ల స్వీట్) తింటారనుకుంటే ఉందో లేదో కూర్చోగానే కనుక్కో, రాత్రి పదికల్లా అయిపోతుంటుంది.

డబ్బు సంగతి. విడి రెస్టారెంట్లలో భోజనం మీద జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్లలో 18 శాతం. మెనూలో ఆరు వేలు తేలితే ఆ హోటళ్లలో 7,080, విడి రెస్టారెంట్లో 6,300. సర్వీస్ చార్జ్ బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025లో సమర్థించింది. అయినా ఆ రాత్రి అమ్మాయి ముందు వాదన పెట్టుకోకు. వేస్తారా లేదా అని ఫోన్‌లోనే అడుగు, వద్దనుకుంటే అప్పుడే చెప్పు. యాప్ డిస్కౌంట్ ఉందనుకుంటే అది ఆ రోజుకు, ఆ వేళకు వర్తిస్తుందో చూసుకో. కొన్ని చోట్ల ఆ యాప్‌లో కడితేనే తగ్గుతుంది.

స్వీట్ వస్తుండగానే బిల్లు తయారు చెయ్యమని సైగ చెయ్, కారు కూడా తెప్పించు. వ్యాలే దగ్గర పావుగంట నిలబెట్టడం ఎందుకు? టేబుల్ నంబర్ ఖాయమయ్యాక నాకు ఒక్క ఫోన్ కొట్టు.

మీ మావయ్య