విషాదంపై సినిమా: ఎవరిని అడగాలి, ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక పడవ మునిగిన ఘటన ఆధారంగా కథ రాసుకుంటున్నాను. పేర్లు మార్చేస్తే కుటుంబాలను అడగనక్కర్లేదని మా నిర్మాత అంటున్నారు. నిజమేనా?
– సహాయ దర్శకుడు, రాజమహేంద్రవరం

జవాబు: చట్టం వరకే చూస్తే మీ నిర్మాత మాటలో సగం నిజముంది. జరిగిన సంఘటన మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. కోర్టు రికార్డుల్లాంటి బహిరంగ పత్రాల్లోని వివరాలను వాడుకోవచ్చని 1994లో ఆర్.రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గోప్యతా హక్కు మనిషితోనే పోతుందని సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన కేసులో 2023లో ఢిల్లీ హైకోర్టు అంది. కానీ ఆ పడవలోంచి ప్రాణాలతో బయటపడినవాళ్లు ఉన్నారు. వాళ్ల హక్కు ఎక్కడికీ పోలేదు.

ఊరు, తేదీ, పడవ అలాగే ఉంచి పేరొక్కటి మారిస్తే, ఆ కుటుంబం ఎవరిదో వాళ్ల వీధిలో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. వృత్తి, సొంతూరు, పిల్లల సంఖ్య, పాపికొండలు ఎందుకు బయల్దేరారన్నది, ఇవన్నీ మారాలి. ముగ్గురు నలుగురి వివరాలు కలిపి ఒక పాత్ర చేయండి. రాశాక ఆ ఘటన బాగా తెలిసిన స్థానిక విలేకరికి చదవడానికి ఇవ్వండి. ‘ఇది ఫలానావాళ్లే కదా’ అన్నారంటే మళ్లీ రాయాల్సిందే.

చట్టం అడగమనకపోయినా కుటుంబాలను అడగాలి. ఇందులో మాకు రెండో మాట లేదు. కొడుకు చివరి నిమిషాలు తెరకెక్కుతున్నాయన్న సంగతి ఏ తల్లికీ టీజర్ చూసి తెలియకూడదు. తెలిసిన మనిషి ద్వారా ముందు కబురు పంపండి. సంవత్సరీకం రోజుల్లో వెళ్లకండి. మొదటిసారి కెమెరా, ఒప్పంద పత్రం రెండూ వద్దు. కథ ఎవరి వైపు నుంచి నడుస్తుంది, ప్రమాదాన్ని ఎంతవరకు చూపిస్తారు అన్నవి చెప్పి, ఆలోచించుకోవడానికి కనీసం రెండు వారాలు వదిలేయండి. భార్య ఒప్పుకుని తల్లిదండ్రులు వద్దంటే, చేతిలో ఉన్న ఒక్క సంతకంతో ముందుకు పోకండి. ఆ పాత్రనే పక్కన పెట్టండి.

ఎక్కువసార్లు బెడిసికొట్టేది ఇక్కడే: దర్శకుడు నోటిమాటగా హామీ ఇస్తాడు, నిర్మాతకు ఆ సంగతే తెలియదు. చివరికి పోస్టర్ మీద మృతుల అసలు ఫొటో పడుతుంది, విడుదల తేదీ సరిగ్గా ప్రమాదం జరిగిన రోజుకు పెడతారు. అందుకే ఒప్పందం తెలుగులో, నిర్మాణ సంస్థ సంతకంతో ఉండాలి. ఏ ఫొటోలు, ఏ వాట్సాప్ సందేశాలు వాడొచ్చో, ప్రచారంలో ఏవి వాడకూడదో పేరుపేరునా రాయండి. ఓటీటీ, డబ్బింగ్, రీమేక్ హక్కులు కొన్నవాళ్లూ వాటికి కట్టుబడాలని ఒక షరతు చేర్చండి. ఎడిటింగ్ ఖరారు కాకముందే కుటుంబాలకు సినిమా చూపించండి. డీఐ (రంగులు సరిదిద్దే పని), మిక్సింగ్ (శబ్దాలు కలిపే పని) అయ్యాక చూపిస్తే, మార్చడానికి డబ్బు లేదన్న జవాబే వస్తుంది.

ఇక తీయడం. 2011లో నార్వేలోని ఉటోయా దీవిలో 69 మందిని ఒకడు కాల్చి చంపాడు. ఎరిక్ పోప్పే 2018లో దానిపై సినిమా తీస్తూ, బతికినవాళ్లతో మాట్లాడి పాత్రలన్నీ కల్పించాడు. హంతకుడు దూరంగా లీలగా తప్ప కనిపించడు. మీరూ మునుగుతున్న ముఖాల దగ్గర కెమెరాను నిలపకండి. వరద ఉన్న నదిలోకి పడవను ఎవరు వెళ్లనిచ్చారు, లైఫ్ జాకెట్లు ఎవరి ఒంటి మీద ఉన్నాయి, ఎవరికి లేవు, ఒడ్డునున్న ఊళ్లవాళ్లు ఏం చేశారు అన్నవి చూపించండి. ప్రేక్షకుడికి తెలియాల్సింది అదే.

ప్రశ్న: మా బంధువుల అమ్మాయిపై అత్యాచారం చేసి చంపేశారు. విచారణ ఇంకా నడుస్తోంది. ఆ కేసుపై సినిమా వస్తోందని పోస్టర్ వేశారు. ఏం చేయగలం?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మా, మీకు చట్టం బలంగానే ఉంది. లైంగిక నేరాల్లో బాధితురాలి గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా. పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయైతే పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సోలోని సెక్షన్ 23 కూడా వర్తిస్తుంది. పేరు ఒక్కటే కాదు, గుర్తుపట్టేలా చేసే ఏ వివరమైనా తప్పే. బాధితురాలు చనిపోయినా ఈ రక్షణ పోదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దగ్గరి బంధువులు ఒప్పుకున్నా చాలదు, గుర్తింపు బయటపెట్టక తప్పని పరిస్థితి ఉందో లేదో సెషన్స్ జడ్జి తేల్చాలి. కాబట్టి ఇంట్లో ఎవరైనా సంతకం చేశారని నిర్మాత చెప్పినా భయపడకండి.

పోస్టర్, టీజర్, ఇంటర్వ్యూల లింకులు, స్క్రీన్‌షాట్లు తేదీలతో ఈరోజే దాచుకోండి. లాయరు ద్వారా నిర్మాతకు, దర్శకుడికి నోటీసు పంపి, ఒక ప్రతి హైదరాబాద్‌లోని సెన్సార్ బోర్డు ప్రాంతీయ కార్యాలయానికి ఇవ్వండి. వెంటనే హైకోర్టుకు వెళ్లే విషయం లాయరుతో మాట్లాడండి. విడుదల వారంలో వెళితే ‘ఇన్నాళ్లూ ఏం చేశారు’ అన్న ప్రశ్నే మీకు ఎదురుతిరుగుతుంది. విచారణ నడుస్తోందన్నది గట్టిగా చెప్పించండి. 1993 ముంబై పేలుళ్లపై తీసిన ‘బ్లాక్ ఫ్రైడే’ను నిందితుల పిటిషన్‌పై బొంబాయి హైకోర్టు, ఆ కేసు విచారిస్తున్న టాడా (ఉగ్రవాద నిరోధక చట్టం) కోర్టు తీర్పు వచ్చేదాకా ఆపింది. అది 2007లో గానీ థియేటర్లకు రాలేదు. నేరుగా ఓటీటీలో వస్తే సెన్సార్ ఉండదు. ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి, 2021 ఐటీ నిబంధనల ప్రకారం 15 రోజుల్లో తేల్చాలి.

ప్రశ్న: ఎన్నేళ్లు ఆగితే సబబు? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఇన్నేళ్లని గీత గీయలేం. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపారు. రెండేళ్లకే, అప్పటి ప్రధాని చుట్టూ తిరిగే సినిమా ప్రకటిస్తే అక్కడి ముస్లింలు భగ్గుమన్నారు. దాన్ని నిలిపేయాల్సి వచ్చింది. ఢిల్లీ ఉపహార్ థియేటర్ అగ్నిప్రమాదంలో 1997లో 59 మంది చనిపోయారు. ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు రాసుకున్న పుస్తకం నుంచే 2023లో సిరీస్ వచ్చింది. థియేటర్ యజమానుల్లో ఒకరు ఆపమని వేసిన పిటిషన్‌కు ఢిల్లీ హైకోర్టు స్టే ఇవ్వలేదు. కాలం ఎంత గడిచిందన్నది ఒక్కటే చూడకండి. కథ ఎవరిది, వాళ్లు అందులో ఉన్నారా అన్నది ముందు చూడండి. విచారణ, నష్టపరిహారం తేలకముందు మాత్రం మొదలుపెట్టొద్దు.

ప్రశ్న: కుటుంబాలకు డబ్బివ్వాలా? – నిర్మాత, హైదరాబాద్

జవాబు: ఇవ్వాలి. ‘లాభాల్లో వాటా’ అని రాయొద్దు, ఖర్చులన్నీ తీసేశాక లాభమే మిగల్లేదని లెక్క చూపించడం తేలిక. స్థిరమైన మొత్తాన్ని సంతకం రోజే చెల్లించండి. కుటుంబం తర్వాత సినిమాను విమర్శించినా ఆ డబ్బు వెనక్కి అడగబోమని అందులోనే రాయండి.